తప్పు ఎవరిది? 'ఆపత్తి' అనే మాట గురించి





పౌర్ణమి కూటాల్లో, ధమ్మ తరగతుల్లో మాటిమాటికీ వచ్చే ప్రశ్న ఒకటుంది. "నన్ను పదిమందిలో కులం పేరెత్తి తిట్టారు. కేసు పెడతానంటే, నువ్వు బౌద్ధుడివి కదా, రోజూ మైత్రీ భావన చేస్తావు కదా, ఆ మాత్రం క్షమించలేవా అంటున్నారు. నేను కేసు పెడితే శీలం తప్పినట్టేనా?" ఇది కాలక్షేపానికి అడిగే ప్రశ్న కాదు. అడిగేవాడికి ఒకవైపు ఊరి పెద్దలు రాజీ కబురు పంపుతుంటారు. మరోవైపు ఉద్యోగం పోతుందేమో అని ఇంట్లోవాళ్లు భయపడుతుంటారు. మధ్యలో తను నమ్మిన ధమ్మాన్నే తన నోరు నొక్కడానికి వాడుతుంటే ఏం చెప్పాలో తోచదు.

దీనికి జవాబు చెప్పాలంటే ముందు 'తప్పు' అనే మాట సంగతి తేల్చుకోవాలి. ఎందుకంటే ఒకే మాట కింద నాలుగైదు వేరువేరు సరుకులు అమ్ముడవుతున్నాయి.

తెలుగులో 'తప్పు' నిజానికి మంచి మాట. దారి తప్పాడంటాం, మాట తప్పాడంటాం, గురి తప్పిందంటాం. చేరాల్సిన చోటికి చేరకుండా పక్కకు పోవడం అన్నమాట. పక్కకు పోయినవాడు తిరిగి దారిలోకి రావచ్చు. 'నేరం' అలా కాదు. చట్టం ఫలానా పనికి ఫలానా శిక్ష అని రాసిపెడితే అది నేరం. స్నేహితుడికిచ్చిన మాట తప్పితే తప్పే గానీ పోలీసులు రారు. లైసెన్సు లేకుండా బండి నడిపితే ఎవరికీ దెబ్బ తగలకపోయినా నేరమే. 'అపరాధం' పాత పుస్తకాల మాట, ఇప్పుడు ఆలస్యంగా కట్టే బిల్లుల మీద 'అపరాధ రుసుము'గా మిగిలింది. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. చేసినవాడొకడుంటాడు, చేసిన పని ఒకటుంటుంది.

పేచీ అంతా మిగతా మాటలతోనే. 'పాపం' చూడండి. బక్కచిక్కిన పిల్లాణ్ని చూసి "పాపం" అని జాలిపడతాం. ఆ నోటితోనే "ఏ జన్మలో ఏ పాపం చేశాడో" అనీ అంటాం. జాలి, నింద ఒకే మాటలో ఒదిగిపోయాయి. ఇక్కడ పని కనపడదు, చేసిన రోజు తెలియదు, సాక్షి లేడు. శిక్ష మాత్రం కళ్లముందు నడుస్తోంది! పూర్వజన్మ పాపం వల్లే ఈ జన్మలో దరిద్రం, తక్కువ పుట్టుక అనే వాదం తథాగతుడిది కాదని బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో గట్టిగా వాదించింది ఇందుకే.

'మైల', 'అపచారం' అంతకంటే ముదిరినవి. వీటికి పనితో కూడా పనిలేదు. ఉండటమే చాలు.

1927 మార్చి 20న మహద్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. చవదార్ చెరువు నీళ్లు అందరూ వాడుకోవచ్చని మునిసిపాలిటీ అంతకుముందే తీర్మానం చేసింది. బాబాసాహెబ్ వెంట వేలమంది నడిచి వెళ్లి ఆ నీళ్లు దోసిట పట్టి తాగారు. చట్టప్రకారం చూస్తే అందులో నేరం లేదు. దొంగతనం లేదు, ఎవరినీ కొట్టలేదు. కొట్టింది అవతలివాళ్లు. ఆ తర్వాత 108 బిందెల్లో ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోసి శుద్ధి చేశామన్నారు. పశువులు దిగి తాగే చెరువది. ఆ వ్యాజ్యం బొంబాయి హైకోర్టు దాకా వెళ్లి మనవాళ్ల పక్షాన తేలేసరికి 1937 వచ్చింది. పదేళ్లు! దప్పికతో నీళ్లు తాగడం తప్పు కాదని రుజువు చేయడానికి.

మన దగ్గరికొద్దాం. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991లో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న పెత్తందారీ కులం కుర్రాడికి తగిలింది. కాలు తగలడం ఎవరికైనా జరుగుతుంది. చీకట్లో ఇంకా జరుగుతుంది. దాన్ని అపచారం చేశారు, అవమానం చేశారు, సాంఘిక బహిష్కరణ చేశారు. చివరికి ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కాలు తగిలిన సంగతికి మాత్రం ఎవరూ సాక్ష్యం అడగలేదు. దానికి ఊరంతా సాక్షే.

పుట్టుకే నేరమని కాగితం మీద రాసిన చట్టం కూడా ఉండేది. 1871లో తెల్లదొరల ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అది. జాతులకు జాతుల్నే నేరస్థులుగా నమోదు చేసి, హాజరు వేయించి, సెటిల్‌మెంట్లలో పెట్టారు. మన ఎరుకల సోదరుల్ని ఉంచిన స్టూవర్టుపురం పేరు చెబితే ఇప్పటికీ దొంగల కథలే గుర్తుచేసుకునేవాళ్లున్నారు. చట్టం 1952లో రద్దయింది. మాట రద్దు కాలేదు.

ఇప్పుడు ధమ్మం ఏమంటుందో చూద్దాం.

వినయ పిటకంలో తప్పుకు వాడిన మాట 'ఆపత్తి'. భిక్షువు నియమం మీరినప్పుడు అతడు ఆపత్తిలో పడ్డాడంటారు. థేరవాద సంప్రదాయంలో భిక్షువుకు 227 నియమాలు. వాటిలో నాలుగు పారాజికలు, అంటే సంఘం నుంచి పూర్తిగా తొలగిపోయేంత పెద్దవి. ఆ కింద బరువు తగ్గుతూ వస్తాయి. చాలావాటికి సాటి భిక్షువు ముందు ఒప్పుకుని ఇకమీదట జాగ్రత్తగా ఉంటాననడమే విరుగుడు. పేడ నీళ్లు లేవు, బ్రాహ్మణ భోజనం లేదు, దక్షిణ లేదు.

ఈ నియమాలు పైనుంచి ఊడిపడలేదు. ఒక ఊళ్లో ఒక భిక్షువు ఒక పని చేస్తాడు, ఎవరో అభ్యంతరం చెబుతారు, తథాగతుడు అతణ్ని పిలిపించి అడుగుతాడు, అప్పుడు నియమం పెడతాడు. నియమం పుట్టకముందు ఆ పని మొదట చేసినవాడికి ఆపత్తి లేదు. మన రాజ్యాంగంలోని 20వ అధికరణం చదవండి. పని చేసిన నాటికి అమల్లో ఉన్న చట్టాన్ని మీరితే తప్ప ఎవరినీ నేరస్థుడిగా తేల్చకూడదని అక్కడా ఉంది.

రెండో సంగతి మనసు. తెలిసి, ఉద్దేశంతో చేశాడా లేదా అనే విచారణ వినయంలో అడుగడుగునా ఉంటుంది. ఒక భిక్షువు భిక్షకు వెళ్లిన ఇంట్లో పీట మీద గుడ్డ కప్పి ఉంది. చూసుకోకుండా కూర్చున్నాడు. గుడ్డ కింద పసిబిడ్డ ఉంది, చనిపోయింది. అతడు వణికిపోతూ తథాగతుడి దగ్గరికొచ్చాడు. చంపాలన్న ఉద్దేశం లేదు కాబట్టి పారాజికం కాదని తేల్చాడు ఆయన. కానీ అక్కడితో వదల్లేదు. ఆసనం పరీక్షించకుండా ఎవరూ కూర్చోకూడదని, కూర్చుంటే అది 'దుక్కట' అనే చిన్న ఆపత్తి అని నియమం పెట్టాడు. హత్య వేరు, అజాగ్రత్త వేరు. రెండింటికీ వేరువేరు పేర్లు, వేరువేరు బరువులు. చీకట్లో తగిలిన కాలును ఈ తూకంలో వేసి చూడండి, ఎంత తూగుతుందో.

ఈ ఆపత్తుల లెక్క సంఘంలో అందరికంటే బాగా తెలిసినవాడెవరు? ఉపాలి. పుట్టుకతో మంగలి, శాక్య కుమారులకు సేవకుడు. భద్దియ, అనురుద్ధ, ఆనంద మొదలైన ఆరుగురితో కలిసి వచ్చినప్పుడు, తమ శాక్య గర్వం అణగాలని ఆ కుమారులే కోరి అతనికి ముందు ప్రవ్రజ్య ఇప్పించారు. తర్వాత చేరిన వాళ్లంతా అతనికి నమస్కరించాల్సిందే. తథాగతుడి పరినిర్వాణం తర్వాత రాజగృహంలో మొదటి సంగీతి జరిగినప్పుడు మహాకస్సపుడు వినయం గురించి అడిగింది ఉపాలినే. ఏది తప్పు, ఏది కాదు అని చెప్పే అధికారం మనుస్మృతి ఎవరికిచ్చిందో, సంఘం ఎవరికిచ్చిందో పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక మన ప్రశ్నకు అసలు జవాబు పాచిత్తియ నియమాల్లో రెండోదాంట్లో ఉంది. దాని పేరు 'ఓమసవాద', కించపరిచే మాట.

శ్రావస్తిలో కొందరు అల్లరి భిక్షువులు, వినయంలో 'ఛబ్బగ్గియులు' అని పదేపదే వచ్చేవాళ్లు, మంచి భిక్షువుల్ని పుట్టుక పేరుతో, పేరు, గోత్రం, చేసిన పని, వృత్తి, జబ్బు, ఒంటి తీరు పేరుతో గేలి చేశారు. తథాగతుడు వాళ్లను పిలిపించి మందలించి దాన్ని ఆపత్తిగా ప్రకటించాడు. ఆ నియమం కింద ఇచ్చిన వివరణలో చండాలుడు, పుక్కుసుడు అని పిలవడం ఉంది. వాడిన పూలు ఊడ్చేవాడని పనిని ఎత్తిపొడవడం ఉంది. బుట్టలల్లేవాడు, కుమ్మరి, సాలె, చర్మకారుడు, మంగలి అని వృత్తితో కించపరచడం ఉంది. ఇంకా ఏ ప్రాంతంలో ఏది చిన్నచూపు చూడబడుతుందో అదీ ఇందులోకి వస్తుందని చేర్చారు. మన ఊళ్లల్లో పుట్టే కొత్త తిట్లకు కూడా చోటు అప్పుడే ఉంచారన్నమాట.

మరో రెండు మెలికలున్నాయి, గమనించండి. కించపరచాలని కాదు, ఊరికే తమాషాకి అన్నాననేవాడికి కూడా మినహాయింపు లేదు. బరువు తగ్గుతుందంతే, 'దుబ్భాసిత' అనే ఆపత్తి తగులుతుంది. "సరదాకన్నాను సార్, సీరియస్‌గా తీసుకుంటారేంటి" అనే మాట మనం ఎన్ని ఆఫీసుల్లో, ఎన్ని హాస్టళ్లలో వినలేదు! అలాగే, ఒకడు చేసిన పాత తప్పును ఎత్తి చూపి కించపరచడం కూడా ఓమసవాదమే. ఆపత్తి అనే మాటనే రాయిలా విసిరితే అదొక ఆపత్తి. అయితే విషయం వివరించడానికో, ధమ్మం చెప్పడానికో, మంచి చెప్పడానికో ఆ పదాలు పలికితే తప్పు లేదు. కాబట్టి కులం గురించి మాట్లాడటమే కులతత్వం అనేవాళ్ల మాట ఇక్కడ చెల్లదు.

ఈ సందర్భంలోనే తథాగతుడు నందివిశాలుడనే ఎద్దు కథ చెప్పాడు. తక్షశిలలో ఒక బ్రాహ్మణుడికి ఆ ఎద్దు ఉండేది. నూరు బండ్లు లాగుతాను, వెయ్యి పందెం కాయమంది. అతడు కాశాడు. బండ్లు కట్టాక "లాగరా దొంగముండాకొడకా" అన్న తీరులో అదిలించాడు. ఎద్దు కాలు కదపలేదు. పందెం పోయింది. ఇంటికొచ్చి దిగాలుపడి కూర్చుంటే, నన్నెందుకు ఆ మాటన్నావని ఎద్దే అడిగింది. ఈసారి రెండువేలు కాయి, ఆ మాట మాత్రం అనకు అంది. మంచి మాటతో పిలిస్తే నూరు బండ్లూ లాగింది. అవమానం పశువుకు కూడా తెలుస్తుందని కథ. ఎద్దుకు ఓర్పు లేదని తథాగతుడు దాన్ని తప్పుపట్టలేదు. యజమాని మాటనే తప్పుపట్టాడు.

"మరి అక్కోస భారద్వాజుడి సంగతో?" అని మీరడగవచ్చు. నిజమే. ఆ బ్రాహ్మణుడు వచ్చి నోటికొచ్చినట్టు తిడితే తథాగతుడు కోపం తెచ్చుకోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు నువ్వు వడ్డించింది తినకపోతే ఆ అన్నం ఎవరిదవుతుందని అడిగాడు. నాదే అన్నాడు బ్రాహ్మణుడు. నీ తిట్లూ నేను తీసుకోలేదు, నీ దగ్గరే ఉంచుకో అన్నాడాయన. రాజీ కబురు తెచ్చేవాళ్లంతా ఈ కథ ఒక్కటే చెబుతారు.

కానీ ఈ రెండూ ఒకే గురువు చేసినవి. తన మీద పడ్డ తిట్టుకు తన మనసును ఎలా కాపాడుకోవాలో ఒకచోట చూపించాడు. తన సంఘంలో ఒకరు మరొకరిని పుట్టుక పేరుతో తిడితే మాత్రం మైత్రితో సర్దుకోండి అనలేదు, నియమం పెట్టాడు. మొదటిది నీ మనసుకు సంబంధించింది. రెండోది నలుగురి మధ్య బతుకుకు సంబంధించింది. తిట్టును నువ్వు లోపలికి తీసుకోకపోవచ్చు. తీసుకోనంత మాత్రాన అవతలివాడు అననట్టు కాదు. వడ్డించిన అన్నం అతని దగ్గరే ఉంది, అది విషమని పదిమందికీ చెప్పడంలో ద్వేషం ఎక్కడుంది?

క్షమాపణ మాటా అంతే. అజాతశత్రువు తండ్రి బింబిసారుణ్ని చంపి, తర్వాత తథాగతుడి ముందు తప్పు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును ఆయన స్వీకరించాడు. కానీ రాజు వెళ్లిపోయాక, తండ్రిని చంపకపోయి ఉంటే ఇతనికి ఈ ఆసనం మీదే ధమ్మ చక్షువు కలిగేదని భిక్షువులతో అన్నాడు. ఒప్పుకోలును స్వీకరించాడు, ఫలితాన్ని కొట్టేయలేదు. నిన్ను తిట్టినవాడు నిజంగా పశ్చాత్తాపపడితే నువ్వు మనసులో క్షమించవచ్చు, క్షమించాలి కూడా. దానికీ కేసు వెనక్కి తీసుకోవడానికీ లంకె పెట్టేది ఊరి పెద్దలే, ధమ్మం కాదు.

బాబాసాహెబ్ అధ్యక్షతన డ్రాఫ్టింగ్ కమిటీ తయారుచేసిన రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి ఊరుకోలేదు. దాని పేరుతో ఎవరికైనా అడ్డు పెట్టడం నేరం అని అక్కడే రాశారు. ప్రాథమిక హక్కుల్లో ఒక ఆచారాన్నే నేరమన్నారు. వేల ఏళ్లుగా 'మైల' అనే మాట మోసినవాడి భుజం మీంచి బరువు తీసి, మైల అన్నవాడి నెత్తిన పెట్టారు. ఆ తర్వాత 1955 చట్టం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం దాని వెనకే వచ్చాయి.

ఇక మీకు పనికొచ్చే సంగతులు కొన్ని. బౌద్ధం తీసుకుంటే ఎస్సీ హోదా పోతుంది, అట్రాసిటీ కేసు చెల్లదు అని ఇప్పటికీ ప్రచారం చేస్తుంటారు. అది అబద్ధం. 1990 సవరణతో బౌద్ధం స్వీకరించిన ఎస్సీలు కూడా ఎస్సీలే. 1989 చట్టంలో మూడో సెక్షన్ కింద, పదిమందికి కనబడేచోట కులం పేరుతో తిట్టడం, కావాలని అవమానించడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. 'కావాలని' అన్నది ఇక్కడా ఉంది చూడండి, చేతన లేనిదే నేరం లేదు. నాలుగు గోడల మధ్య ఎవరూ లేనప్పుడు అన్న మాట ఈ సెక్షన్ కింద నిలవడం కష్టం. కాబట్టి ఆ సమయానికి ఎవరున్నారో, ఏ మాట అన్నారో అదే రోజు తేదీతో సహా రాసిపెట్టుకోండి. తిట్టును మర్యాదగా మార్చి రాయొద్దు, అన్నది అన్నట్టే రాయండి. 2018 సవరణ తర్వాత ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి. బాధ్యత కావాలని విడిచిపెట్టిన ప్రభుత్వ ఉద్యోగిది కూడా నాలుగో సెక్షన్ కింద నేరమే. ఈ నాలుగు ముక్కలు తెలిసి స్టేషన్‌కు వెళ్లినవాడితో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ఫిర్యాదు నిజం ఉండాలి. నాలుగో శీలం, ముసావాద విరతి, మనకూ వర్తిస్తుంది. ఆస్తి తగాదాకో, పాత పగకో ఈ సెక్షన్ వాడుకుంటే, నిజంగా దెబ్బతిన్న తర్వాతి మనిషి మాట ఎవరూ నమ్మరు.

చివరిగా ఒక చేదు మాట. ఓమసవాద నియమం బయటివాళ్ల కోసం పెట్టింది కాదు, సంఘం లోపలివాళ్ల కోసం పెట్టింది. తిట్టినవాళ్లూ భిక్షువులే, పడ్డవాళ్లూ భిక్షువులే. త్రిశరణాలు చెప్పుకుని, 22 ప్రతిజ్ఞలు చదివి, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ "వాడా, వాడు మావాడు కాదులే" అనుకునే మాటలు మన విహారాల్లో లేవా? మాల మాదిగను, మాదిగ డక్కలివాణ్ని, ఇద్దరూ కలిసి రెల్లి సోదరుణ్ని ఏ పేరుతో పిలుస్తున్నారో మన పిల్లలు వింటూనే ఉన్నారు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు ధమ్మ బంధువు అన్న మాట ఎక్కడికి పోతుంది? ఆ మాటలు పోలీసు స్టేషన్ దాకా వెళ్లేవి కావు. ఇద్దరూ ఎస్సీలే అయితే ఆ చట్టం వర్తించదు కూడా. కానీ ఉపాలి ముందు నిలబెడితే ఆపత్తి తప్పదు.

భిక్షువులు ఉపోసథం రోజున నియమాలన్నీ వినేముందు ఒకరి ముందు ఒకరు తమ ఆపత్తులు చెప్పుకుంటారు. మనం గృహస్థులం, మనకు ఆ విధి లేదు. అయినా వచ్చే పౌర్ణమికి, పంచశీలం చెప్పుకున్నాక, ఈ నెలలో నా నోటి వెంట ఎవరి పుట్టుక గురించి ఏ మాట వచ్చిందని ఒక పావుగంట కూర్చుని అడుగుదాం. పెద్దవాళ్లు ముందు చెబితే పిల్లలు చెబుతారు.

భవతు సబ్బ మంగళం!